ప్రేమరాజు గారి హైడ్రోజన్ కారు

ప్రేమరాజు గారు తన కారు వెనకవైపు గొట్టం కింద స్టీలు గ్లాసు పట్టి, అందులోకి బొట్లు బొట్లుగా కారిన నీళ్లను మా అందరి ముందూ తాగేశారు. తాగి, మీసం తుడుచుకుని, “చూశారాండీ? పొగ లేదు, మసి లేదు, వాసన లేదు. మీరు కొనుక్కునే బాటిలు కంటే శుభ్రం” అన్నారు.

ఆయన భార్య రూబీ పక్కనే నిలబడి, మొగుడు విషం మింగి బతికినంత గర్వంగా మావైపు చూసింది. వాళ్లది నరసాపురం దగ్గర. మాది జగిత్యాల వైపు. సౌదీలోని యాన్బులో మాది కింది ఫ్లాటు, వాళ్లది పై ఫ్లాటు. ఆయనా, మా ఆయన రమేషూ ఒకే కంపెనీలో పని. కాబట్టి వాళ్లింట్లో ఏ వేడుక జరిగినా చప్పట్లు కొట్టే బాధ్యత మాది.

ఆ రోజు లేబర్ క్యాంపు నుంచి మొండయ్య కూడా వచ్చాడు. మా జిల్లావాడే. గల్ఫ్‌లో ఇల్లు కట్టీ కట్టీ తన ఇల్లు కట్టుకోవడం మరిచిపోయిన మేస్త్రీ. అతను గొట్టం వైపు వంగి చూసి, “సారూ, గీ నీళ్లు మళ్ల గండ్లనే పోత్తే నడువదా?” అని అడిగాడు.

“నడవదయ్యా. దీనికి పోసేది హైడ్రోజన్. గ్యాసు.”

“మరి గ్యాసు పోత్తే నీళ్లెట్లొత్తయ్?”

అడగకూడని మనిషిని అడిగాడు. ప్రేమరాజు గారు ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజరు. ఇస్త్రీ పెట్టె ఎలా వేడెక్కుతుందో అడిగినా అణువు దగ్గర మొదలుపెడతారు. మా చేతుల్లో టీ చల్లారిపోయేదాకా చెప్పారు. కారు అడుగున గట్టి ట్యాంకులున్నాయట, వాటిలో హైడ్రోజన్‌ని కుక్కి పెడతారట. ముందు భాగంలో అప్పడాల కట్టలా పలచటి పలకల దొంతర ఉంటుందట. పలకకీ పలకకీ మధ్య ఒక పొర. హైడ్రోజన్ ఆ పొర దగ్గరకు వచ్చి రెండుగా చీలుతుంది. ఒక సగం జల్లెడలోంచి జారినట్టు నేరుగా అవతలికి పోతుంది. రెండో సగాన్ని పొర పోనివ్వదు. అది చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆ చుట్టు దారిలో మోటారు పెట్టి, దాని చేత పని చేయిస్తారు. అదే కరెంటు. చివరికి రెండు సగాలూ అవతల కలుసుకుని, గాలిలోని ఆక్సిజన్‌తో చేరి, నీళ్లయి కారిపోతాయి.

నాకు బాగా అర్థమైంది. కొందరు గేటులోంచి నేరుగా పోతారు. మనలాంటి వాళ్లం చుట్టూ తిరిగి, దారిలో బండి లాగి, చివరికి గొట్టంలోంచి బయట పడతాం. కానీ పైకి అనలేదు. టీ వాళ్లది.

కారు ఆయన కొన్నది కాదు. యాన్బు రిఫైనరీల్లో హైడ్రోజన్‌కు కరువేమీ లేదు, కానీ అది ఈ కార్లకు పనికిరాదట. కారు మడి కట్టుకున్న ముసలమ్మలాంటిది, ఏమాత్రం మైలపడ్డ గ్యాసునూ ముట్టదు. అందుకని కంపెనీ తన యార్డులో ప్రత్యేకంగా ఒక పంపు పెట్టి ప్రయోగం మొదలెట్టింది. కంపెనీ కార్లు నడుపుతుంటే చాలదు, మామూలు ఉద్యోగి ఒకడు సొంత కారుగా పెట్టుకుని నడిపి చూపించాలని పైవాళ్లు అన్నారట. మా ముదీర్, అంటే మేనేజరు, మొదట మా ఆయననే పిలిచాడు.

“శ్రీలతా, ముదీర్ కారు ఊకెనే ఇత్తాండు. నా పేరు మీదనే రాపిస్తడట” అని రమేష్ వెలిగిపోతూ వచ్చాడు.

“ఏనుగును గూడ ఊకెనే ఇస్తరు. మేత మనం వెయ్యాలె. వద్దని చెప్పు.”

“గంత పెద్దమనిషికి వద్దని ఎట్ల చెప్పుడు?”

“భార్య భయపడ్తాందని చెప్పు. మొగోళ్లు ఆ మాట ఎప్పుడైనా నమ్ముతరు.”

ముదీర్ నమ్మాడు. ఏనుగు ఒక అంతస్తు పైకెక్కింది.

తాళంచెవిని మఖ్మల్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. ప్రేమరాజు గారు దాన్ని రెండు చేతులా అందుకుంటున్న ఫోటో ఆ ఏడు కంపెనీ క్యాలెండర్లో జనవరి పేజీ అయ్యింది. రూబీ ఆ క్యాలెండర్ను హాల్లో సోఫా పైన తగిలించింది. ఫిబ్రవరి వచ్చినా పేజీ తిప్పలేదు. రంజాన్ వచ్చింది, వేసవి సెలవులు వచ్చాయి, వాళ్లింట్లో మాత్రం ఏడాది పొడుగునా జనవరే.

ఇక ఆ కారు కాపురం. పంపు దగ్గర గ్యాసు నింపడానికి టీ తాగినంత సేపు కూడా పట్టదు. నింపే గొట్టం మూతి మంచుపట్టి తెల్లగా అయిపోతుంది. అంత వేడి ఊళ్లో మంచు చూడ్డానికి పిల్లలు ఎగబడేవారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ తీరాన పంపు అదొక్కటే. ఇంకొకటి దేశానికి ఆ చివర, తూర్పు తీరాన ఉందట. అక్కడికి బయల్దేరితే సగం దారిలో ఎడారిలోనే ట్యాంకు ఖాళీ అవుతుంది. జెద్దా వెళ్లొచ్చు, తిరిగి రాలేరు. అందుకని వాళ్లు దారి మధ్యలో ఉన్న రాబిగ్ దాకా వెళ్లి, సముద్రం చూసి, వెనక్కి వచ్చేవారు. సముద్రం మా ఇంటి కిటికీలోంచి కూడా కనిపిస్తుంది.

ఇంటి యజమాని బేస్‌మెంట్లో పెట్టనివ్వలేదు. “గ్యాసు బండి కింద పెడితే మేం పైన పడుకోవాలా?” అన్నాడు. కారు ఎండలో నిలబడింది. ఇన్సూరెన్సు వాడికి పెట్రోలా, డీజిలా, కరెంటా అన్న మూడు గళ్లే ఉన్నాయి. నాలుగోది లేక కారు చాలా రోజులు ఏ జాతిదో తేలకుండా ఉంది. దుమ్ము లేస్తే ఫిల్టరు మార్చాలి. రిఫైనరీ వైపు గాలి వీస్తే లోపలి పలకల మీది ప్లాటినం పూత పాడవుతుందని ప్రేమరాజు గారు కారు దాచేవారు. బాగు చేసేవాడు దుబాయ్ నుంచి రావాలి. ఇంత చాకిరీ కన్నబిడ్డ ప్రేమజ్యోతికి కూడా చేయలేదని రూబీయే అంది. అంటూనే వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

కరోనా తగ్గిన మరుసటేడు కంపెనీ రెడ్‌లో పడింది.

నితాఖాత్ అనే సర్కారు లెక్కలో కంపెనీలకు రంగులుంటాయి. సౌదీవాళ్లను బాగా పనిలో పెట్టుకుంటే ప్లాటినం, సరిపడా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. కారు లోపల ప్లాటినం, కారిచ్చిన కంపెనీ మాత్రం రెడ్. రెడ్ అంటే సర్కారు సేవలన్నీ బంద్. ఇకామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు, వీసాలు రావు, కంపెనీ పేరు మీదకు పుల్ల కూడా చేరదు. అప్పటికే పెళ్లాం పిల్లల మీద నెలనెలా లెవీ పన్ను కట్టలేక సగం బిల్డింగ్ ఖాళీ అయ్యింది. మిగిలిన వాళ్లం ఇప్పుడు పరుగు మొదలెట్టాం. మా ఆయన ఇకామాను ఇంకో కంపెనీవాళ్లు తీసుకున్నారు. ప్రేమరాజు గారికి అంతకంటే మంచిదే దొరికింది. విశాఖలో ఎవరో హైడ్రోజన్ ప్లాంటు కడుతున్నారట. క్యాలెండర్ ఫోటో పంపితే ఉద్యోగం ఇచ్చేశారు. నెలాఖరుకల్లా వచ్చి చేరాలి, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటాం అన్నారు.

రూబీ ఇల్లంతా అమ్మకానికి పెట్టింది. ప్రేమజ్యోతి బొమ్మలకు కూడా ధరలు అతికించింది. ఆ ఊపులో ఉండగా ఆఫీసు క్లర్కు ప్రేమరాజు గారి ఇకామా నంబరు కంప్యూటర్లో కొట్టి, ఫైనల్ ఎగ్జిట్ రాదన్నాడు.

“ఎందుకు రాదండి?”

“మీ పేరు మీద కారుంది సార్. అది ఎవరి పేరు మీదకైనా మార్చాలి, లేదా తుక్కుకిచ్చినట్టు రాయించుకు రావాలి. అప్పటిదాకా మీరు దేశం వదిలి పోలేరు.”

ఆయన ముదీర్ దగ్గరకు పరిగెత్తారు. కారు తిరిగి తీసుకోమన్నారు. ముదీర్ లేచి నిలబడి మరీ ఆయన భుజం తట్టాడట. “అఖీ, కంపెనీ రెడ్‌లో ఉంది. ఇవాళ సైకిల్ కూడా మా పేరు మీదకు రాదు. అయినా ఇచ్చిన బహుమతి తీసుకుంటామా? కారు నీది. మబ్రూక్” అని అభినందించి పంపాడట.

కొనేవాళ్ల కోసం ఇంటర్‌నెట్‌లో ప్రకటన పెట్టారు. వచ్చినవాళ్లు వచ్చారు. పంపు ఎక్కడ అని అడిగారు. ఈ యార్డులోనే, అదీ నెలాఖరుదాకే అని తెలిసి, ఏసీలో కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వెళ్లారు. కారు కార్చిన నీళ్లు కాదు, బాటిల్ నీళ్లు.

ఆ వారమే రూబీ మిక్సీ పట్టుకుని మా ఇంటికి దిగింది.

“అక్కా, ఇది మీరే ఉంచుకోండక్కా. వేరేవాళ్లకి ఇవ్వాలంటే మనసొప్పట్లేదు.”

“మూత పలిగినట్టున్నది గదా చెల్లె.”

“కొంచెం అక్కా. చేత్తో అదిమి పట్టుకుంటే తిరుగుద్ది.”

“చెయ్యి పట్టుకోవాలంటే రోలే నయం గద.”

ఆమె నవ్వబోయి మానేసింది. మిక్సీని బల్ల మీద పెట్టి, దాని వైరు చుట్టూ చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. “అక్కా, ఒక్క మాట. అన్నయ్య ఎలాగూ ఇక్కడే ఉంటున్నారు కదా. కారు అన్నయ్య పేరు మీదకి మార్పిస్తే... ఉత్తినేనక్కా. మేం వెళ్లిపోతే చాలు.”

నేను ఆమె టీ గ్లాసులో చక్కెర వేసి నిదానంగా కలిపాను. “మా ఆయనకు ఆ రంగు పడది చెల్లె.”

“తెలుపే కదక్కా?”

“అవ్, తెలుపే. తెలుపు మీద దుమ్ము కనపడ్తే ఆయనకు నిద్ర పట్టది.”

రూబీ నా ముఖం చూసింది. నేను ఆమె ముఖం చూశాను. ఇద్దరం చదువుకున్నవాళ్లం. అంతకంటే విడమరచి చెప్పుకోవలసిన పని లేకపోయింది. ఆమె టీ పూర్తిగా తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది. గుమ్మం దాకా వెళ్లి, “రైస్ కుక్కర్ కూడా పంపిస్తానక్కా. పెద్దది. ఏమీ ఇవ్వక్కర్లేదు” అంది.

తీసుకున్నాను. ఊరికే వచ్చిన ఏనుగును వద్దన్నాను గానీ, కుక్కర్ మేత అడగదు.

ఇక మిగిలింది తుక్కు. ఊరి బయట పాత బండ్లు విప్పి అమ్మే తష్లీహ్‌లో జిలానీ అని ఒక పాకిస్తానీ ఉన్నాడు. రమేష్‌ను వెంటేసుకుని ప్రేమరాజు గారు కారులో వెళ్తే, అతను దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాడట. “యే గాడీ నహీ, బమ్ హై భాయ్! సిలిండర్ ఖాలీ కర్కే లావ్, ఫిర్ దేఖేంగే.”

ప్రేమరాజు గారు దారి దొరికినట్టు సంబరంగా ఇంటికి వచ్చారు. ఖాళీ చేయడమే కదా! ఖాళీ చేయడం అనే మాట వినగానే మా ఆడవాళ్లందరికీ ప్రాణం లేచొచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సిలిండర్లో గ్యాసు మిగిల్చి పోయే ఆడది ఈ గల్ఫ్‌లో పుట్టలేదు. చివరి వారం పొయ్యి ఆరకుండా జంతికలు వండుతాం, గారెలు వండుతాం, మంట నీలంగా మారి టప్పున ఆరిపోయేదాకా ఏదో ఒకటి వేయిస్తాం. ఖాళీ సిలిండర్‌కీ నిండు సిలిండర్‌కీ వాపసు ఒకటే. మిగిల్చినవాళ్లు తెలివితక్కువవాళ్లు.

“అంత గ్యాసూ గాలికి వదిలేస్తామా ఏంటండీ? డిక్కీలో ప్లగ్గుంది కదా. కారు మీదే వండి అందరికీ భోజనాలు పెట్టేద్దాం. వెళ్లేముందు ఎలాగూ పెట్టాలి” అంది రూబీ.

గురువారం సాయంత్రం ఎండ వాలాక బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో విందు. డిక్కీలోంచి వైర్లు లాగారు. ఒకదానికి కరెంటు పొయ్యి, ఒకదానికి ఫ్యాను, ఇంకోదానికి నా కుక్కర్. మొన్నటిదాకా వాళ్లది, ఇప్పుడు నాది, ఆ పూటకు అరువు. కారులో ఏసీ పెంచి పిల్లల్ని కూర్చోబెట్టారు. కోడికూర ఉడుకుతోంది, కారు చప్పుడు చేయకుండా నిలబడి అన్నం వండుతోంది, వెనక గొట్టంలోంచి నీళ్లు ధారగా కారి చిన్న మడుగయ్యింది. రెండు పిల్లులు వచ్చి తాగుతున్నాయి.

“సారూ, అత్తగారింటికి పోయే పిల్ల లెక్క ఏడుత్తాంది గదా మీ కారు” అన్నాడు మొండయ్య.

“ఏడవనివ్వయ్యా. ఏడ్చి ఏడ్చి ఖాళీ కావాలి. అప్పుడే నేను ఇంటికెళ్లేది.”

“మేం ఏడిస్తే పంపిత్తరా సారు? నేను ఎన్నేండ్ల నుంచి ఏడుత్తాన!”

అందరం ఎంత నవ్వామో. ప్రేమరాజు గారు విస్తళ్ల మధ్య తిరుగుతూ కొసరి కొసరి వడ్డించారు. “తినండమ్మా, తినండి, మొహమాటం వద్దు. ఎంత తింటే అంత తొందరగా నాకు ఎగ్జిట్.” మేం మొహమాటపడలేదు. మొండయ్య మూడోసారి అన్నం పెట్టించుకుంటుండగా ఫ్యాను నెమ్మదించి ఆగింది. కుక్కర్ దీపం ఆరింది. కారులోంచి పిల్లలు చెమటలు కక్కుతూ బయటికొచ్చారు. కారు గ్యాసు లేదని చెప్పి, తనంతట తానే నిద్రపోయింది.

అంతటితో ఆగినా సరిపోయేది. ప్రేమరాజు గారు చొక్కా చేతులు మడిచారు.

“కారు ఆగిపోయినా లోపల ఇంకా కొంచెం ఒత్తిడి ఉంటుంది. జిలానీ పూర్తిగా ఖాళీ అన్నాడు. సగం పని నాకు నచ్చదు.”

“అన్నా, గంత అవసరమా? అడుగున కొంచెం ఉండనియ్యి” అన్నాడు రమేష్.

“రమేష్, నువ్వు ఎలక్ట్రికల్. నేను ఇన్‌స్ట్రుమెంట్. గ్యాసు సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?”

అందరినీ గోడదాకా వెనక్కి జరిపారు. ఫోన్ రూబీకిచ్చి వీడియో తీయమన్నారు. విశాఖ వాళ్లకు పంపుతారట, ఎంత జాగ్రత్తగా పని చేస్తారో చూడ్డానికి. పానా పట్టుకుని కారు కిందకి దూరి ఏదో తిప్పారు. పాము బుస కొట్టినట్టు సన్నగా శబ్దం మొదలైంది.

సరిగ్గా అప్పుడు రూబీ చేతిలో ఫోన్ మోగింది. వీడియో ఆగిపోతుందని ఆమె చటుక్కున కట్ చేసింది.

“ఎవరే?” అని కింద నుంచే అరిచారు ఆయన.

“ఎవరో ల్యాండ్‌లైను నంబరండి. ప్యాకేజీలు అమ్మేవాళ్లయ్యుంటారు. మీరు కానివ్వండి.”

మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. బుస సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ప్రేమరాజు గారు ఇసక దులుపుకుంటూ బయటికొచ్చి రెండు చేతులూ పైకెత్తారు. మేం చప్పట్లు కొట్టాం.

ఆదివారం ఆ ల్యాండ్‌లైను మళ్లీ మోగింది. రాబిగ్ వైపున్న ఓ సాంకేతిక కాలేజీ నుంచి. ప్రకటన చూశారట. కారు కావాలట. నడపడానికి కాదు, పిల్లలకు విప్పి చూపించడానికి. “గురువారం రెండుసార్లు చేశాను, ఎత్తలేదు మీరు. పర్వాలేదు, కారు ఇంకా ఉందిగా? ఫహస్ చేయించి తెండి, అదే రోజు పేరు మార్చేసుకుంటాం” అన్నాడట అక్కడి మాస్టారు. ఫహస్ అంటే బండి పరీక్ష. అది పాసయితేనే పేరు మారుతుంది.

రూబీ మా తలుపు కొట్టి మరీ చెప్పింది. “కాలేజీవాళ్లక్కా. తెలుపైనా పర్వాలేదన్నారు.” ఆ మాట అనడానికి మెట్లు దిగి వచ్చింది పాపం. ఆమెకు ఆ హక్కుంది.

ఫహస్‌కు బండి తన చక్రాల మీద తాను నడిచి రావాలి. నడవాలంటే గ్యాసు కావాలి. కారును లాగుడు బండి మీద ఎక్కించి యార్డులో పంపు దగ్గరకు తీసుకెళ్లారు. గొట్టం తగిలించారు. పంపు ఒక్క క్షణం ఆలోచించి వద్దంది. మళ్లీ తగిలించారు, మళ్లీ వద్దంది. ప్రేమరాజు గారు గొట్టం మూతి తుడిచారు, కారు మూతి తుడిచారు, పంపును కొట్టారు కూడా.

రమేష్ సాయంత్రం వచ్చి బూట్లు విప్పకుండానే చెప్పాడు. “ట్యాంకుల జెర్రంత ఒత్తిడి ఉంటేనే పంపు నింపుతదట. ఏమీ లేకపోతే ట్యాంకు పలిగిందనుకుంటదట. ఇగ కారు కంపెనీ మనిషి వచ్చి, ట్యాంకు చూసి, మంచిగనే ఉన్నదని రాసియ్యాలె. మన కంపెనీ రెడ్‌ల ఉన్నది, గా మనిషికి వీసా ఎవరిత్తరు?”

“మరి జిలానీ?”

“ఆయన దగ్గరికీ పోయినం. ఖాలీ హై తో కాగజ్ దిఖావ్ అంటుండు. ఖాళీ అయిందని గూడ గా కారు కంపెనీ మనిషే రాసియ్యాలెనట.”

మా బాత్‌రూం గాలి గొట్టంలోంచి పై ఇంటి మాటలు వినిపిస్తాయి. వినాలని వెళ్లలేదు. ఆ రోజు బట్టలు కాస్త ఎక్కువ ఉన్నాయి, నిదానంగా ఉతుక్కున్నాను.

“ఫోన్ కట్ చేసిన చెయ్యి విరిచెయ్యాలే నీకు!”

“విరవండి. వాల్వ్ తిప్పిన చెయ్యి ఏం చేద్దామండి?”

“కారు మీద కుక్కర్ పెడదామన్నది ఎవరు?”

“నేనే. తిన్నదెవరండి?”

మధ్యలో ప్రేమజ్యోతి గొంతు, “డాడీ, మనం వెళ్లట్లేదా?” అని అడిగింది.

ఇకామా గడువు దాటితే తల్లీ కూతుళ్లు కూడా చిక్కుకుంటారు. వాళ్ల పేర్ల మీద కార్లు లేవు, కాబట్టి వాళ్ల ఎగ్జిట్ చిటికెలో వచ్చింది. టాక్సీ వచ్చిన రోజు ప్రేమరాజు గారు పెట్టెలన్నీ తానే మోశారు. ఆయన పెట్టె కూడా పొరపాటున దింపి, మళ్లీ పైకి తీసుకెళ్లారు. రూబీ కిందకి వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఏడుస్తుందనుకుని వీపు నిమరబోయాను. ఆమె నా చెవిలో, “అక్కా, మీ ఫ్రిజ్జు కూడా తెలుపే కదా. అన్నయ్యకి నిద్ర పడుతోందా?” అంది.

వెళ్లి ఎక్కి కూర్చుంది, టాక్సీ మలుపు తిరిగింది.

విశాఖవాళ్లు నెలాఖరు దాటాక మరో రెండు రోజులు ఆగి, వేరే మనిషిని పెట్టుకున్నారు. పంపు మూతపడింది. యార్డులో ఉన్న సామాను ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక మనిషి కావాలని, ముదీర్ దయ తలచి ప్రేమరాజు గారికి గేటు పక్క గది ఇచ్చాడు. కారు కూడా అక్కడే ఉంది. ఇప్పుడు ఆయన దానికి కాపలా. అది ఆయనకు కాపలా.

మొన్న శుక్రవారం రమేష్‌తో కలిసి అన్నం పట్టుకెళ్లాను. గదిలో మంచం పైన గోడకు జనవరి వేలాడుతోంది. ఆయన బయట బకెట్టు పెట్టుకుని కారు కడుగుతున్నారు. వెనకవైపు నుంచి నీళ్లు కారుతుంటే, గేటు దగ్గర పోతున్న మొండయ్య ఆగి ఆశగా అరిచాడు. “సారూ, నడుత్తాందా?”

“లేదయ్యా. కడిగాను.”

మొండయ్య తల ఊపి వెళ్లిపోయాడు. ప్రేమరాజు గారు చేతులు తుడుచుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. నేను గిన్నె మూత తీశాను. ఆయన గిన్నెను గుర్తుపట్టారు. అంచు దగ్గర చిన్న సొట్ట ఉంటుంది, ప్రేమజ్యోతి పడేసినప్పటిది. వేలితో ఆ సొట్టను ఒకసారి తడిమి, నాలుగు ముద్దలు తిన్నారు.

“పొడిపొడిగా బాగా వచ్చిందమ్మా.”

“మీ కుక్కరే గద అన్నా.”

“ఊఁ. ఆ రోజు నేను తినలేదమ్మా. వడ్డించడంలో పడిపోయాను, తర్వాత వాల్వ్ హడావుడి. వచ్చి చూస్తే గిన్నెలన్నీ కడిగేసున్నాయి.” ఇంకో ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆగారు. “బాగుందా ఆ రోజు?”

“మస్తుండె అన్నా” అన్నాను. “అడుగు గూడ మిగల్లేదు.”